పసుపు పూసిన పతకం

"దీనికి పసుపు పూస్తున్నారా?" రిబ్బన్ అంచు వేలితో రుద్దుతూ అడిగారు జగన్నాథరావు.

"మా అత్త పూస్తదండీ. ప్రతి శుక్రవారం. బొట్టు కూడా పెడతది," అంది వీరదుర్గ.

ఎర్ర రిబ్బన్ మధ్య తెల్లగా ఉండాల్సిన గీత పచ్చబడిపోయింది. వెండి బిళ్ళ మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది. పోయినేడు ఆబ్దికానికి ముందు అత్త ఎక్కడికో పట్టుకెళ్ళి మెరుగు పెట్టించుకొచ్చిందట. బిళ్ళ మీద నిటారుగా నిలబెట్టిన బాయ్‌నెట్టు, అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో నెంబరు, హోదా, వీరదుర్గ భర్త పల్లంరాజు పేరు. మంచు విరిగిపడినప్పుడు తోటివాళ్ళని బయటికి లాగి, ఇంకొకడి కోసం మళ్ళీ లోపలికి వెళ్ళిన మనిషి. శవం కూడా దొరకలేదు.

జగన్నాథరావు ఐటీఐలో ఫిట్టర్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రాజమండ్రిలో ఆయన మేడమీది గది నిండా మిలటరీ పతకాలు, టోపీ బ్యాడ్జీలే. పాత వెండి కొట్లలో కరగడానికి సిద్ధంగా ఉన్నవాటిని బతిమాలి తెచ్చుకుంటారు. అంచు మీది పేరు చదివి ఎవరిదో, ఏ యుద్ధానిదో పోల్చుకుంటారు. ఊడిన కొక్కేలు అతుకుతారు. ఇది పిచ్చి అని భార్య అంటుంది, కాదనడానికి ఆయన దగ్గర ఆధారాలేమీ లేవు. అడిగినవాళ్ళకి నకళ్ళు కూడా చేసిపెడతారు. అలా చేసిన ప్రతిదానికీ కొక్కెం కింద, భూతద్దానికి తప్ప కనపడని చుక్క ఒకటి కొడతారు. రేపెవరో దాన్ని అసలుదని చెప్పి అమ్ముకోకూడదని ఆయన పట్టుదల. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పరు. చెబితే చెరిపేసేవాళ్ళు ఉంటారు మరి.

రిబ్బన్ మార్చాలా అని అడిగారు.

"కాదండీ. అచ్చం ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టాలి. మా అత్తకి తెలీకూడదు."

ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కాసేపటికి భూతద్దాన్నీ పతకాన్నీ బల్ల మీద పెట్టేసి, ఎందుకని అడిగారు.

బస్సు ఎన్నింటికో చెబుతున్నట్టుగా చెప్పింది వీరదుర్గ. వచ్చే నెల ఆమెకి మారుమనువు. సంబంధం చూసింది అత్త రత్తమ్మే. అతను కాకినాడ హార్బర్లో బోటు నడుపుతాడు. ఎన్నాళ్ళని నా మొహం చూస్తూ కూర్చుంటావని అత్తే పోరి ఒప్పించింది. ఇంట్లో గిన్నె కూడా తీసుకెళ్ళాలని లేదు వీరదుర్గకి. ఇది ఒక్కటి కావాలి. నోరు తెరిచి అడిగితే రత్తమ్మ కాదనదు. కానీ ఆ తర్వాత శుక్రవారం పసుపు గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చుంటుంది. అందుకని అత్త పతకం దాచే కుంకుమ భరిణెలో నకలు పెట్టి, అసలుది తను తీసుకుపోదామని.

జగన్నాథరావు పతకాన్ని తిరిగి చేతిలోకి తీసుకున్నారు. ఆమె చెప్పుకుపోతూనే ఉంది.

"శవం లేదు కదండీ, దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. నాకు ఏడుపు రాలేదు. మెడల్ చేతిలో పెట్టినప్పుడూ రాలేదు. పొయ్యి మీద పాలు దించానో లేదో అని ఆలోచిస్తా నిలబడ్డానంతే. మా అత్తా అలాగే ఉండేది. ఆబ్దికం నాడు కొంగులో ఏదో మూటగట్టుకుని ఒక్కతే అంతర్వేది వెళ్ళింది. అన్నాచెల్లెళ్ళ గట్టు కాడ సముద్రంలో దిగి వచ్చింది. మావోణ్ణి పంపేశాను, ఇంక పడుకుంటానంది. ఆ రోజు నుంచీ నిద్రపోతంది. నాకే ఇంకా ఏమీ తెలవట్లేదండీ, మొద్దుబారిపోయినట్టుంది."

"ఒక మాట చెప్పనా అమ్మా. ఇది ఆవిడ దగ్గరే ఉండనివ్వు. నేను చేసింది నువ్వు తీసుకెళ్ళు. చూసేవాళ్ళెవరికీ తేడా తెలియదు."

"నాకు తెలుస్తది కదండీ."

ఆయన పతకాన్ని తెల్లగుడ్డలో చుట్టి పక్కన పెట్టుకున్నారు. అత్త పసుపు పూసే శుక్రవారం రాకముందే, గురువారం వచ్చి పట్టుకెళ్ళమన్నారు.

ఆ వారం ఆయన మామూలు కంటే నెమ్మదిగా పనిచేశారు. తెలిసిన కంసాలి దగ్గర బిళ్ళ పోత పోయించి, అంచు మీద అక్షరాలు ఒక్కొక్కటే కొట్టారు. చుక్క కొట్టడం మరిచిపోలేదు. చివరికి వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి, తడిపి, కొత్త రిబ్బన్ గీత మీద అద్దారు. పతకాలకి పసుపు పూయడం ఆయన జన్మలో ఇదే మొదలు.

వీరదుర్గ వచ్చేసరికి తెల్లగుడ్డ మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వంగి చూసింది. ఏమీ తేల్చుకోలేకపోయింది.

"ఏది అసలుదండీ?"

జగన్నాథరావు చెయ్యి రెండింటి మీదా కాసేపు ఆగింది. కుడివైపుది తీసి ఆమె అరచేతిలో పెట్టారు.

"జాగ్రత్తగా దాచుకో అమ్మా."

ఆమె గుప్పిట మూసింది. తర్వాత ఎందుకో విప్పి పతకాన్ని చెంపకి ఆనించుకుంది. అలాగే మెట్ల మీద కూర్చుండిపోయింది. అప్పుడు వచ్చింది ఏడుపు, ఇన్నాళ్ళదీ కలిపి. పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. భార్య కంగారుగా పైకి రాబోతే జగన్నాథరావు చేత్తో ఆపి, మంచినీళ్ళు తెమ్మన్నారు.

చాలాసేపటికి లేచి మొహం కడుక్కుంది. చేతిలోది రుమాల్లో చుట్టి జాకెట్లో దాచుకుంది. రెండోదాన్ని భరిణెలో పెట్టి మూత బిగించింది.

"మా అత్తకి అనుమానం రాదు కదండీ?"

"ఆవిడకా? రాదమ్మా."

ఆమె నమస్కారం పెట్టి మెట్లు దిగింది. గేటు చప్పుడయ్యాక ఆయన భూతద్దాన్ని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నారు.

రెండింటి కొక్కెం కిందా చుక్క ఉంది. ఒకటి ఈ వారం కొట్టింది, ఒకటి పోయినేడు కొట్టింది.