ఓటమి ఎరుగని మరియదాసు

తెల్లదొరల కాలంలో టెన్నిస్ ఆడిన మరియదాసు ఒక్క పందెమూ ఓడలేదని బెజవాడలో అందరి నమ్మకం. 1996లో టెన్నిస్ క్లబ్బు కొత్త కోర్టుకు తాత పేరు పెట్టమని ఆయన మనవరాలు హెలెన్ అర్జీ పెట్టుకుంది. ఋజువు లేనిదే దేన్నీ నమ్మని కార్యదర్శి రవూఫ్ గారు సాక్ష్యం అడిగారు. హెలెన్ నాయనమ్మ అమలమ్మను కమిటీ ముందుకు తీసుకొచ్చింది.

"సీమకెళ్తా దొర తన రాకెట్టు ఈయనకిచ్చిపోయాడు," అంది అమలమ్మ.

"మరి అవతలివాళ్ల రాకెట్లో?"

"ఊరు మొత్తానికి అదొక్కటేగా బాబూ! వాళ్లు అరచేతుల్తో కొట్టేవాళ్లు."

తన అర్జీ చెత్తబుట్టలో పడ్డట్టే తోచింది హెలెన్‌కు.

"ఒక్కసారన్నా ఎరువియ్యలేదా అమ్మా?" అన్నారు రవూఫ్ గారు.

"చాల్లెండి, ఇస్తే ఆయన ఓడిపోరూ?"

రవూఫ్ గారు కళ్లజోడు తుడుచుకుని, ఇంకెవరి పేరైనా ప్రతిపాదిస్తారా అని సభ్యులను అడిగారు. ఎవరూ ప్రతిపాదించలేదు.

కోర్టుకు మరియదాసు పేరు పెట్టారు.