సొమ్ము వాపసు కోరుతూ

టికెట్ల కౌంటరు ఎదుట, నేలమీద అంటించిన పసుపు గుర్తుల ప్రకారం, మొదట ఆంజనేయప్రసాద్ గారు, ఆయనకు రెండు మీటర్ల వెనుక సతీమణి మంగాదేవి, ఆమె చెయ్యి పట్టుకుని తొమ్మిదేళ్ల మనవరాలు సహస్ర, చివరగా కారు తాళాలు ఆడిస్తూ కుమార్తె సుధేష్ణ నిలబడి ఉన్నారు. అందరికీ మాస్కులున్నాయి. అద్దానికి అవతల డ్యూటీ మేనేజరు సంతోషకుమారి ఒక్కతే ఉంది.

విమానాశ్రయం పక్క ఊరైన స్వోర్డ్స్‌లోని ఆ సినిమా హాలు ఆరు నెలలు మూతబడి, ఆ జూన్‌లోనే మళ్లీ తెరుచుకుంది. సహస్ర పట్టుబట్టి అమ్మమ్మను బయలుదేరదీసింది. మంగాదేవి హాలు గుమ్మం దాకా బాగానే వచ్చింది. ఎవరో లోపలికి వెళ్లగానే బరువైన తలుపు దానంతటదే మూసుకోవడం చూసి, అక్కడే ఆగిపోయింది.

"నావల్ల కాదు. మీరు చూడండి. నా టికెట్టు డబ్బు మాత్రం వెనక్కి తీసుకోండి, వృథా ఎందుకు?" అంది. అందుకే అందరూ మళ్లీ కౌంటరు దగ్గరికి వచ్చారు.

జనవరిలో ఆమె కోవిడ్‌తో పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పటినుంచి తలుపు మూసిన గదిలో ఆమెకు ఊపిరాడదు. స్నానాల గది తలుపు సైతం ఓరగా ఉండవలసిందే. మూడు నెలల కోసం ఈ పరాయి దేశానికి, కూతురింటికి వచ్చిన దంపతులు పదహారు నెలలుగా ఇక్కడే ఉన్నారు. తిరుగు ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది. రెండు గంటలు సినిమా హాల్లో కూర్చోలేని మనిషి, ఆగస్టులో అన్ని గంటలు విమానంలో ఎలా కూర్చుంటుంది? ఇంట్లో ఈ ప్రశ్న ఎవరూ పైకి అనరు.

ఆంజనేయప్రసాద్ గారు కోటు లోపలి జేబులోంచి రెండు కవర్లు తీశారు. ఒకటి చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నారు. రెండోది అద్దం కింద నుంచి తోశారు.

"ఇంట్లోనే రాసుకొచ్చారా?" అంది మంగాదేవి.

"నలభై మూడేళ్ల కాపురం. నువ్వు గుమ్మం దగ్గర ఆగుతావని నాకు తెలియదా?"

సంతోషకుమారి కవరు విప్పకుండానే, "కుదరదు ప్రసాద్ అంకుల్" అంది.

"ముందు చదవండి. దరఖాస్తు చదవకుండా తిరస్కరించే పద్ధతి ఎక్కడా లేదు. ముప్పై నాలుగేళ్లు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవాణ్ణి."

ఆమె విప్పి చదివింది. "చదివిన అంకుల్. కుదరదు."

"కారణం?"

"ఆటకు అరగంట లోపల వాపస్ ఇయ్యం. అగో, గోడకు రాసే ఉంది."

"ఆ అక్షరాలు చీమలకు కూడా ఆనవు! అనారోగ్యానికి మినహాయింపు ఉండి తీరాలి. మీ పై అధికారిని పిలవండి."

"ఇయ్యాల నేనే పై అధికారిని అంకుల్."

"నాన్నా, ప్లీజ్!" సుధేష్ణ గొంతు తగ్గించింది. "ఒక్క టికెట్టుకి ఇంత రభసా? ఆ డబ్బు నేనిస్తాను."

"ఇది డబ్బు విషయం కాదు, పద్ధతి విషయం."

"అమ్మమ్మా, తాతయ్య ఈజ్ గివింగ్ అవుట్ అగైన్," అంది సహస్ర. చీవాట్లు పెట్టడాన్ని ఆ పిల్ల బడిలో అలాగే అంటారు.

మంగాదేవికి ఒక అలవాటు ఉంది. తెనాలి బజారులో కూరగాయలవాడైనా, రిక్షా అబ్బాయైనా, తన భర్త ఎవరితో వాదానికి దిగితే ఆమె వాళ్ల పక్షం. పసుపు గుర్తు దాటి ముందుకు వచ్చింది.

"చాల్లెండి, పెద్దమనిషి తరహాగా లేదు. ఆ పిల్ల ఏం చేస్తుంది? ఏ ఊరమ్మా మీది?"

"కరీంనగర్ ఆంటీ. ఇక్కడ మెయ్‌నూత్ యూనివర్సిటీల చదువుకున్న."

"అమ్మను చూసి ఎన్నాళ్లయింది?"

"రెండేండ్లు దాటింది."

మంగాదేవి అద్దానికి మరికాస్త దగ్గరగా జరిగింది.

"ఆంటీ, ఒక్క మాట," అంది సంతోషకుమారి. "తలుపు పక్కన నాలుగు సీట్లు ఖాళీ పెట్టిన. తలుపు నేనే తెరిచి పట్టుకుంట. పది నిమిషాలు కూసోండ్రి. వద్దనిపిస్తే లేచి రాండ్రి."

"అక్కర్లేదు," అన్నారు ఆంజనేయప్రసాద్ గారు. "మంగా, పద ఇంటికి."

"మీరు వెళ్లండి. పాపం, అంత మర్యాదగా చెబుతుంటే! నేను పది నిమిషాలు కూర్చుని వస్తాను."

నలుగురూ లోపలికి వెళ్లారు. సంతోషకుమారి భుజంతో తలుపును ఆనుకుని నిలబడింది. మంగాదేవి మనవరాలి చేతిని రెండు చేతులతో పట్టుకుని, తెరను గాక తలుపునే చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు గడిచాయి. తెరమీద ఒక కుక్కపిల్ల పిండి డబ్బాలో పడింది. సహస్ర పకపక నవ్వింది. మంగాదేవి తల అటు తిరిగింది. మరికొంతసేపటికి ఆమె చెయ్యి పైకెత్తింది. సుధేష్ణ సగం లేచింది.

"ఆ వెలుగంతా తెరమీద పడుతోంది," అంది మంగాదేవి. "తలుపు వేసెయ్యమ్మా."

తలుపు మెల్లగా మూసుకుంది.

"అమ్మమ్మ ఈజ్ గ్రాండ్, బాగానే ఉంది," అని సహస్ర చీకట్లో తల్లికి చెప్పింది. మాస్కు ఆవిరికి మసకబారాయేమో, ఆంజనేయప్రసాద్ గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆట ముగిసి బయటికి వచ్చేసరికి తలల మీదుగా ఒక విమానం చక్రాలు దించుకుని దిగుతోంది. మంగాదేవి ఆగి, అది కనుమరుగయ్యేదాకా చూసింది.

"సుధా, ఆగస్టు టికెట్లు ఇక మార్చకు. నాకు నడవా పక్క సీటు చెప్పు." తరువాత భర్తవైపు తిరిగింది. "మీరు మాత్రం వెళ్లి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి రండి. అలాగేనా మాట్లాడడం!"

ఆంజనేయప్రసాద్ గారు మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లారు. పసుపు గుర్తు మీద నిలబడి, జేబులో మిగిలిన కవరు తీసి అద్దం కింద నుంచి అందించి, తల వంచి నమస్కరించి వచ్చేశారు.

సంతోషకుమారి కవరు విప్పింది. గుండ్రని దస్తూరీలో ఒక్కటే వాక్యం:

"అమ్మా, నిన్న ఫోనులో నేను కోరిన ప్రకారం, ఈరోజు ఎంత గట్టిగా అడిగినా సొమ్ము వాపసు ఇవ్వనందుకు కృతజ్ఞుణ్ణి."