పాలు పొంగని ఇల్లు

పాలు గిన్నె అంచు దాకా వచ్చి ఆగిపోయాయి.

సత్యభామ చూస్తుండగానే నురగ కిందికి దిగిపోయింది. ఇండక్షన్ పొయ్యి మీద అంకెలు మాయమయ్యాయి. హాల్లో లైటు కూడా ఆరిపోయింది.

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో నర్సుగా చేరినప్పటి నుంచి ఆమె, భర్త చలపతి అద్దె ఇళ్లలోనే వణికారు. నోరు తెరిస్తే ఇంట్లో కూడా ఆవిరి వచ్చే ఇళ్లు అవి. ఇన్నాళ్లకు ఈ పాత చెక్క ఇల్లు కొనుక్కున్నారు. ఆషాఢం రాకముందు గృహప్రవేశానికి దొరికిన ఆఖరి ముహూర్తం ఇదే. ఇప్పుడు పాలు పొంగకపోతే ఇక ఈ ఇంట్లో ఏదీ కలిసిరాదని ఆమె భయం.

సీలింగ్ పైనుంచి తమ్ముడు పవన్ గొంతు వినిపించింది.

“అక్కా, లైట్ పోయిందేంటి? ఇంకాసేపుంటే ఈ సైడ్ ఫినిష్ అయిపోయేది.”

ఈ ఇంటి కప్పు కింద చలిని ఆపేది ఏమీ లేదు. అందుకని సీలింగ్ మీద పరవడానికి గ్లాస్‌వూల్ పరుపులు కట్టలు కట్టలుగా తెచ్చుకున్నారు. పవన్‌కి మధ్యాహ్నం నుంచి షిఫ్టు. కింద పూజ, పైన పని ఒకేసారి కానిచ్చేద్దాం అనుకున్నారు.

చలపతి బయటికి పరిగెత్తాడు. వెనకే సత్యభామ.

పక్కగోడకున్న మీటరు బోర్డు దగ్గర ఎదురింటి ముసలాయన నిలబడి ఉన్నాడు. మెయిన్ స్విచ్ మీద చెయ్యి.

ఆయన పేరు డెస్. సత్యభామకు ఆయనంటే మొదటి నుంచీ పడదు. పరుపుల కట్టలు దించిన రోజే రోడ్డు దాటి వచ్చాడు. పలకరింపు లేదు, పాడు లేదు. పైకెక్కే ముందు మెయిన్ ఆపండి అన్నాడు. మర్నాడూ వచ్చి అదే పాట. మనకేమీ తెలియదనుకుంటాడని ఆమెకు ఒళ్లు మండింది.

ఈ పొద్దున మళ్లీ వచ్చాడు. పాలు పొంగగానే ఆపేస్తామని చలపతి ఓపిగ్గానే చెప్పాడు. ముసలాయన నిచ్చెన వంక చూశాడు, పొయ్యి మీది గిన్నె వంక చూశాడు, వెళ్లిపోయాడు. పోయాడు కదా అనుకున్నారు.

“అతను దిగాడా?” అన్నాడు డెస్ ఇంగ్లీషులో.

“మా కరెంటు ఆపడానికి మీరెవరు?” అంది సత్యభామ.

“దిగాడా?”

“ఇది మా ఇల్లు. మా పూజ పాడుచేశారు. ముందు చెయ్యి తియ్యండి.”

“అతను దిగాక తీస్తాను.”

చలపతి ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు. ముసలి చెయ్యే అయినా ఊడి రాలేదు. గొడవ విని పవన్ దుమ్ము దులుపుకుంటూ వచ్చేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. వాడిని కింది నుంచి పైదాకా చూసి, స్విచ్ వదిలి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు. ఆయన వెనక్కి కూడా చూడకుండా పోవడం చూసి సత్యభామకు కాస్త తృప్తి కలిగింది.

పాలు మళ్లీ పెట్టారు. పొంగాయి. కానీ ముహూర్తం దాటిపోయింది. సత్యభామ కొంగుతో కళ్లు తుడుచుకుని తనే పోలీసులకు ఫోన్ చేసింది.

పోలీసులు వచ్చి, ఇంకెప్పుడూ ఈ గేటు దాటొద్దని డెస్‌కి చెప్పి వెళ్లారు. ఆయన తలూపాడు. ఎందుకు చేశాడో మాత్రం చెప్పలేదు. పవన్ మూడ్ పోయిందంటూ షిఫ్టుకి వెళ్లిపోయాడు. మిగిలిన పరుపులు షెడ్డులోనే ఉండిపోయాయి.

ఆ తర్వాత డెస్ రోజూ తన వరండాలో కూర్చుని వీళ్ల కప్పు వైపే చూసేవాడు. సత్యభామ కర్టెన్ లాగేసేది. కలిసిన తెలుగువాళ్లందరికీ ఈ సంగతి చెప్పింది.

“మనం ఇల్లు కొనుక్కుంటే వీళ్లు ఓర్వలేరు వదినా. ప్యూర్ జెలసీ.”

ఒకరోజు ఎదురింటి ముందు కార్లు బారులు తీరాయి. నల్లబట్టలు వేసుకున్నవాళ్లు లోపలికి వెళుతున్నారు. ముసలాయన పోయాడన్నమాట, పీడ విరగడైంది అనుకుని ఆమె ఆ పూట కూడా కర్టెన్ లాగేసింది.

ఆ మరుసటి వారం హాల్లో లైట్లు మినుకుమినుకుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. పెద్దవయసు మనిషి, ఆ వీధివాడే. పైకెక్కి చూసి, సత్యభామను కూడా నిచ్చెన ఎక్కి చూడమన్నాడు. టార్చి వేశాడు.

పవన్ పరిచిన ఆఖరి పరుపు పక్కనే, జానెడు దూరంలో ఒక వైరు. ఎలుకలు తొడుగంతా కొరికేశాయి. లోపలి రాగి తళతళలాడుతోంది.

“ఇంకొక్క పరుపు పరిచి ఉంటే పరిచేవాడి చెయ్యి దీనికి తగిలేది. ఇక్కడితో పని ఆపించినవాళ్లెవరో పుణ్యాత్ములు,” అన్నాడతను.



“ఎదురింటాయన ఆపాడు,” అంది.

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఈ ఇల్లు డెస్ తన చేతులతో కట్టుకున్నదే అన్నాడు. ఆ రోజు తర్వాత ఇందులో ఉండలేక, దీన్ని వదిలి దూరం పోలేక, పైన పరిచిన పరుపులన్నీ పీకించేసి, ఏళ్ల కిందటే ఇల్లు అమ్మేసి రోడ్డుకి అటువైపు చేరాడట.

“ఏ రోజు?” అంది సత్యభామ.

పైన పరుపులు పరుస్తున్న ఒక్కగానొక్క కొడుక్కి టీ ఇద్దామని, డెస్ మెయిన్ ఆపకుండా కింద కరెంటు కెటిల్ పెట్టిన రోజు.