ఉన్ని గ్లౌజులు

కెల్విన్ డ్రైనేజీ మిషన్‌ని పెరట్లోకి దించాడు. ఉక్కుతీగ కొసను పూడుకుపోయిన పైపులోకి తోసి, పెడల్‌ని కాలి దగ్గరికి లాక్కున్నాడు. టాస్మేనియాలో జూలై అంటే నడి చలికాలం; గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు.

నోలీన్ వంటింట్లోంచి కొత్త ఉన్ని గ్లౌజులు పట్టుకొచ్చింది.

"వేసుకో. చేతులు కొంకర్లు పోతాయి. మా డెస్‌కి అల్లినట్టే అల్లాను."

"వద్దు నోలీన్. నా తోలువి ఉన్నాయిగా."

"అవా! కుక్క కూడా ముట్టదు వాటిని."

"ఈ పనికి ఉన్ని వేసుకోకూడదు. తీగ తిరిగేటప్పుడు ఒక్క పోగు చిక్కిందా, చెయ్యి వెనక్కి రాదు. పెడల్ మీంచి కాలు తీసేలోపే మనిషిని..."

కెల్విన్ టక్కున నోరు మూసుకున్నాడు.

నోలీన్ భర్త డెస్ ఇలాంటి మిషన్ దగ్గరే పోయి మూడేళ్ళయింది. ఆ రోజు పనిలో పక్కనున్నది కెల్విన్ ఒక్కడే.

"పెడల్ ఇరుక్కుపోయిందన్నావు," అంది నోలీన్.

"అవును. పెడలే."

"ఏ గ్లౌజులు వేసుకున్నాడు?"

"తోలువే. నువ్వు అల్లినవి పాడవుతాయని వ్యాన్‌లో పెట్టాడు."

"ఆస్పత్రివాళ్ళిచ్చిన సంచిలో నేనల్లిన ఉన్ని గ్లౌజు ఒక్కటే ఉంది కెల్విన్. రెండోది ఎక్కడో పడిపోయిందనుకున్నాను."

కెల్విన్ తల దించుకున్నాడు.

"తీసెయ్యమని మొత్తుకున్నాను. 'సాయంత్రం ఇంటికెళ్ళగానే నోలీన్ వేసుకున్నావా అని అడుగుతుంది, దానికి అబద్ధం చెప్పలేనురా' అన్నాడు."

నోలీన్ కొత్త గ్లౌజుల్ని మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"ఇక మిషన్ వెయ్యి," అంది. "కాస్త చప్పుడు కానివ్వు."