నొప్పి లేదప్పా

యశోదమ్మ కుర్చీలో కూర్చుంటూనే అడిగింది. "కంప్యూటరు ఏం సెప్తాండాదప్పా?"

డాక్టర్ శివకుమార్‌కు ఒళ్లు మండింది. పుంగనూరులో ఇరవై ఏళ్లుగా ఆమె పళ్లు చూస్తున్నది తను. కొత్తగా చేరిన డాక్టర్ ఫిజా ఎక్స్‌రేలు చదివే ఈ ఏఐని తెచ్చినప్పట్నుంచీ, సోమల నుంచి వచ్చే పాత పేషెంట్లు కూడా తన మొహం మానేసి తెరకేసి చూస్తున్నారు.

ఇందాక తీసిన ఎక్స్‌రేలో యశోదమ్మ దవడ పన్ను వేరు కింద ఏఐ ఎర్రటి సున్నా చుట్టింది.

"వేరు దగ్గర చీము పట్టిందంటోంది సార్," అంది ఫిజా.

"ఉత్త నీడమ్మా అది. దానికేం తెలుసు?" శివకుమార్ నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం కాడతో ఆ పన్ను మీద తట్టాడు. "నొప్పేం లేదు కదమ్మా?"

"లేదప్పా."

గెలిచినట్టు ఫిజా వైపు చూశాడు. ఆమె యశోదమ్మ కాళ్లకేసి చూస్తోంది. కాలివేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి.

మళ్లీ తట్టాడు, మెల్లగా. వేళ్లు ఇంకా బిగిశాయి.

"నొప్పి ఉండాది కదా. యాల లేదన్నావమ్మా?"

యశోదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నువ్వు లేదంటే నేను ఎప్పుడన్నా ఉండాదన్నానా అప్పా? ఈ పాప ముందర నీ మాట తీసేస్తానా?"

శివకుమార్ తెరకేసి చూశాడు. ఎర్ర సున్నా అతని మొహం చూసి చెరిగిపోలేదు.

"ఫిజా," అన్నాడు, "ఈమె పాత ఎక్స్‌రేలన్నీ తియ్యమ్మా. దానికి చూపిద్దాం."