దాతల పుస్తకం

“హనుమంతరావు గారూ, మా జగిత్యాల అడ్రసు ఎవరికిచ్చిండ్రు?”

పుష్పలత అన్నలు, అంటే నక్సలైట్లు, పంపిన ఉత్తరాన్ని బల్ల మీద పెట్టింది. ఆమె భర్త మాధవరావును ప్రజాకోర్టుకు రమ్మన్నారు. సిరిసిల్ల అనాథాశ్రమ కార్యదర్శి హనుమంతరావు అది చదివి తెల్లబోయాడు.

“నేనెవ్వరికియ్యలేదమ్మా! మీరు ఊరు విడిచింది అందరికెరుకే గదా?”

“విడిచింది ఎరుకే. ఏడ దాసుకున్నమో ఎరుక లేదు. భయపడి మీ దాతల పుస్తకంల ఒక్కదాంట్లనే పుట్టింటి ఇంటిపేరుతోని జగిత్యాల అడ్రసు రాసిన. కవరు మీద ఆ ఇంటిపేరే ఉన్నది.”

ఆయన తల వంచుకున్నాడు.

“కోరుట్ల హాస్టలోళ్లు దాతల పేర్లడిగిండ్రు. వాళ్లదీ పుణ్యకార్యమే గదా అని మొత్తం నకలు రాసిచ్చిన.”

“ఆ నకలే అన్నల చేతికి పోయింది. ఇచ్చేముందు మమ్ముల అడిగిండ్రా?”

“గీ దాంట్ల అడిగేదేముందనుకున్న.”

“ఎంతమందిమి?”

“రెండువందలు.” ఆయన గబగబా పోస్టుకార్డుల కట్ట తీశాడు. “ఇయ్యాల్నే అందరికి రాస్త.”

“కార్డు మీదనా? మల్ల ఊరంత చదవాల్నా? ఇండ్లకు పోయి చెప్పుండ్రి. మేమైతే ఈ పూటే ఇల్లు మారుతున్నం.”

ఆమె వెళ్లాక హనుమంతరావు తలుపు గడియపెట్టి, ముందు ఎవరింటికి పోవాలో చూడడానికి పుస్తకం తెరిచి, మొదటి పేరును గొంతు తగ్గించి చదివాడు.