ఉమ్మడి డ్రైవ్

"ఈ డ్రైవ్ తుడిచేయక తప్పదు సార్," అన్నాడు కంప్యూటర్ మెకానిక్.

పుస్తకాల బైండరు చెయ్యి అడ్డం పెట్టాడు. "పొరపాటున కూడా ముట్టుకోకయ్యా! మా అబ్బాయి ఆట అందులోనే ఉంది."

ఒకే కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఒకటి తండ్రిది, ఒకటి కొడుకుది. ఆటలకు మాత్రం రెండువైపులనుంచీ తెరుచుకునే ఉమ్మడి డ్రైవ్. ఆ ఏర్పాటంతా కొడుకు చేసిందే. "ఆటలాడుకునేవాడికి నా ఇంట్లో చోటు లేదు" అని తండ్రి నోరు జారిన రోజే వాడు గడప దాటాడు. మూడు నెలలైంది. ఫోను లేదు, కబురు లేదు. వాడి పేరెత్తితే ఊరుకోనని బైండరు భార్యకు గట్టిగా చెప్పాడు. చెప్పిన పెద్దమనిషే, ఆమె ఆసుపత్రి లాండ్రీలో సాయంత్రం డ్యూటీకి వెళ్ళడం ఆలస్యం, ఆ ఆట తెరుచుకుని కూర్చునేవాడు.

ఇటుక మీద ఇటుక పేర్చి ఇల్లు కట్టే ఆట. మొదటిరోజు చేతకాక ఒక వంకర గోడ కట్టి లేచాడు. మర్నాడు చూస్తే ఆ గోడకు కిటికీ ఉంది! తలుపు పెడితే మర్నాటికి మెట్లొచ్చాయి. పోయిన వారం రెండు మంచాలు వేస్తే, మూడోది వచ్చి పక్కన చేరింది. దాన్ని చూసి బైండరు భోరుమన్నాడు. సందేహం లేదు, తను పనిలో ఉండగా వాడు తల్లి దగ్గరికి వచ్చి పోతున్నాడు. ఆ మహాతల్లి నోరు మెదపడం లేదంతే. పోనీలే, రానీ, ఎలా వస్తే ఏం!

నిన్నటినుంచి ఆట తెరుచుకోవడం లేదు.

"అవతలి సిస్టమ్‌ను పూర్తిగా ఆపకుండా పడుకోబెట్టి వదిలేశారు సార్. అది పట్టు వదిలితేగాని ఇటునుంచి డ్రైవ్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ ఉంటే క్షణంలో పని."

"అది వాడికే తెలుసు."

"మరి రోజూ ఉదయం పదకొండింటికి అటునుంచి ఆడినట్టు రాసుందే ఇక్కడ!"

బైండరుకు ప్రాణం లేచొచ్చింది. "ఏమేవ్, ఇలా రా!" అని కేకేశాడు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దాచింది చాల్లే. నేనేమీ అనను. ఆ పాస్‌వర్డేదో కొట్టు."

ఆమె వంగి చకచకా కొట్టింది. తెర తెరుచుకుంది.

"చూశావా! వాడు చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?" బైండరు చిన్నపిల్లాడిలా నవ్వాడు. "పదకొండింటికి వస్తున్నాడుగా... ఎలా ఉన్నాడే? చిక్కిపోయాడా? సరిగ్గా తింటున్నాడా?"

ఆమె మొహం పాలిపోయింది. భర్తను ఎగాదిగా చూసింది.

"పాస్‌వర్డ్ వెళ్ళేరోజే చెప్పాడు. పదకొండింటికి ఆడేది నేనండీ," అంది. "సాయంత్రాలు నేను లేనప్పుడు వాణ్ణి లోపలికి రానిచ్చి ఆడుకోనిస్తున్నది మీరు కాదూ?"